కలిపిన చీటీలు

ఆమెకు భూతద్దం అని పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తు లేదు. పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఆఖరి బల్ల ఆమెది. ఇరవై రెండు మంది ఆడవాళ్ళ చేతులు దాటి వచ్చిన చొక్కా ఆమె ముందు రెండు చేతులూ చాపుకుని పడుకునేది. కాలరు కొస లాగి చూసేది, చంక కుట్టు తిరగేసి చూసేది, గుండీని బొటనవేలితో తిప్పి చూసేది. ఒక్క కుట్టు తప్పినా అక్కడ ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపేది. పదకొండేళ్ళుగా అదే పని చేసీ చేసీ ఆమెకు లోకంలో దేన్నీ తిరగేయకుండా చూడడం చేతకాకుండా పోయింది. మొగుడు కాస్త ప్రేమగా పలకరిస్తే, ఏం పగలగొట్టి వచ్చాడా అని వంటగదిలోకి వెళ్ళి చూసుకునే మనిషి.

అందుకే సోమవారం పొద్దున ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ నీలం పెట్టె పట్టుకుని షెడ్డులోకి వచ్చినప్పుడు భూతద్దం పెట్టె వంక చూడలేదు, పక్కన నడుస్తున్న మేనేజరు ముఖం చూసింది. ఆ ముఖం నవ్వుతోంది. మేనేజరు నవ్వాడంటే ఎవరి కొంపో మునగబోతోందని అక్కడ లెక్క. పైగా అరగంట మిషన్లు ఆపమన్నాడు. కరెంటు పోయినప్పుడు తప్ప ఆ మిషన్లు ఆగడం ఎవరూ చూసి ఎరగరు.

భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టి నర్సమ్మ చెప్పింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్ రాత్రికి రాత్రి రాదట. ఏళ్ళ ముందే ఒక వైరస్ వచ్చి అక్కడ కూర్చుంటుందట. అప్పుడే పట్టుకుంటే జబ్బును రానివ్వకుండా చేయొచ్చు. కొన్ని దేశాల్లో పిల్లలకు టీకాలు వేసి, పెద్దవాళ్ళకు పరీక్షలు చేసి, ఈ జబ్బును దాదాపు తరిమేశారట. ఇంకా చాలా చోట్ల ఆడవాళ్ళు అంతా అయిపోయాక ఆస్పత్రికి వస్తున్నారు. పరీక్ష లేక కాదు, బల్లెక్కి పడుకోవడానికి సిగ్గు, సెలవు దొరకదు, ఎవరికైనా తెలుస్తుందని భయం. అందుకని ఎవరి పరీక్ష వాళ్ళే చేసుకునే పద్ధతి ఒకటి వచ్చింది, పనిచేసే చోటికే తెచ్చి ఇస్తే ఎంతమంది చేసుకుంటారో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో ఒకేసారి ఈ పరిశోధన జరుగుతోంది అని చెప్పి, ఆమె పెట్టెలోంచి ఒక పొట్లం తీసి విప్పింది. మెత్తటి చిన్న కుంచె, మూత ఉన్న గొట్టం, నంబరు వేసిన స్టిక్కరు. బాత్రూములోకి వెళ్ళి కుంచెతో తీసుకుని, గొట్టంలో వేసి, స్టిక్కరు అంటించి తెచ్చి ఇస్తే చాలు. గుండీలు కుట్టే పిల్ల కిసుక్కున నవ్వింది. మొదటిసారి విన్నప్పుడు తానూ నవ్వానని నర్సమ్మ ఏ మాత్రం కోపం లేకుండా అంది.

అంతా బాగానే ఉంది. అప్పుడు ఆమె ఒక పుస్తకం తెరిచి, ఒక్కొక్కరి పేరూ అడిగి, పేరుకు ఎదురుగా స్టిక్కరు నంబరు, ఫోను నంబరు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆడవాళ్ళందరూ భూతద్దం వైపు చూశారు.

పొట్లాలు పట్టుకుని చేతులు కడుక్కునే చోట గుమిగూడాక ఇస్త్రీ పెద్దమ్మ ముందు నోరు విప్పింది. పోయినేడు ఇలాగే ఒక బండి వచ్చి అందరి ఊపిరితిత్తులకూ ఫొటోలు తీసింది. కాజాలు కుట్టే ఆమె ఫొటోలో ఏదో మచ్చ కనబడిందట. ఆ కాగితం ఆమెకంటే ముందు మేనేజరు బల్ల మీదికి చేరింది. మర్నాటి నుంచి ఆ మిషనుకు ముసుగే. ఆ మనిషి ఉందో పోయిందో కూడా తెలియదు. పోనీ ఇప్పుడు పరీక్ష వద్దందామంటే, ఏదో ఉండబట్టే వద్దంటున్నారని అదొక అనుమానం.

"చీటీలు కలుపుదాం," అంది భూతద్దం.

బయటివాళ్ళకు ఆ మాట అర్థం కాదు, షెడ్డులో అందరికీ తెలుసు. కత్తిరించిన బట్ట ముక్కల్ని కట్టలు కట్టి పంచేటప్పుడు ప్రతి కట్టకూ మిషను నంబరు వేసిన చీటీ కడతారు. చొక్కాలో తప్పొస్తే చీటీ చూసి ఎవరిదో పట్టుకోవడానికి అది. ఎప్పుడైనా పెద్ద తప్పు జరిగి ఒకరి మెడకు చుట్టుకునేలా ఉంటే, మేనేజరు వచ్చేలోపు ఆడవాళ్ళు ఆ పూట చీటీలన్నీ విప్పి, కలిపేసి, ఇష్టమొచ్చినట్టు కట్టేస్తారు. తప్పు ఎవరిదో ఇక దేవుడు కూడా చెప్పలేడు. అందరూ కూర్చుని కుట్లు విప్పి మళ్ళీ కుడతారు. ఎర్ర బాణాలు అంటించే మనిషే ఈ పనిలో అందరికంటే ముందుండేది. అందుకే ఆమెను రోజూ తిట్టుకున్నా, మనసారా మాత్రం ఎవరూ తిట్టుకునేవారు కాదు.

ఆమె చెప్పింది కూడా సబబుగానే ఉంది. నా పేరుకు ఎదురుగా నీ గొట్టం ఉంటుంది, నీ పేరుకు ఎదురుగా ఇంకొకరిది. రేపు మేనేజరు ఆ పుస్తకం చూసి ఎవరినైనా పొమ్మంటే, ఆ మనిషి ఇంకో ఆస్పత్రిలో పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని కాగితం తెచ్చి అతని మొహాన కొడుతుంది. అంతటితో అతని నోరు పడిపోతుంది.

"నిజంగానే ఎవరికైనా ఉంటే ఎలా అక్కా?" అని అడిగింది తోటికోడలు. భూతద్దం మరిది భార్య ఆమె. కాలరు మిషను మీద పనిచేస్తుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. పొద్దున కలిసి వస్తారు, సాయంత్రం కలిసి పోతారు.

"ఎవరికుంటుందే? జబ్బు పడే తీరిక ఇక్కడెవరికుంది?"

అందరూ నవ్వారు. తోటికోడలు కూడా నవ్వింది. ఇరవై మూడు మందీ ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళి వచ్చారు. స్టిక్కర్లు అంటించని గొట్టాలు వాళ్ళ చేతుల్లో, స్టిక్కర్లు భూతద్దం జేబులో. ఆమె జేబులో చెయ్యి పెట్టి బాగా కలిపి, చూడకుండా ఒక్కొక్కటి తీసి ఇచ్చింది. తనకు చివరిది మిగిలింది. గొట్టాలు ఇచ్చి వస్తూ మేనేజరు అద్దాల గదిలోకి తొంగి చూస్తే నర్సమ్మ, అతను ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. మధ్యలో ఒక కాగితం ఉంది. మేనేజరు దాని మీద వేలు పెట్టి ఏదో అడుగుతున్నాడు. చూశారా నేను చెప్పలేదూ అన్నట్టు భూతద్దం కళ్ళెగరేసింది. ఆ రోజు ఆమె బల్ల దగ్గర కూనిరాగం కూడా తీసింది.

బుధవారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది. నర్సమ్మ గొంతు. పక్కన ఎవరూ లేరు కదా అని అడిగింది. భూతద్దం లేచి మెట్ల కిందికి వెళ్ళింది. కంగారు పడొద్దు, ఇది క్యాన్సర్ అని కాదు, ఇరవై మూడింటిలో మీ ఒక్కరి నంబరుకే వైరస్ కనబడింది, ఆలస్యం చేయకుండా ఒకసారి వచ్చి చూపించుకోవాలి, మచ్చ లాంటిది ఉంటే అక్కడికక్కడే తీసేయొచ్చు అని నర్సమ్మ నిదానంగా చెప్పింది. రేపే వస్తానని భూతద్దం అంది. ఇంకేమైనా అడగాలా అంటే ఏమీ లేదంది.

ఫోను పెట్టేశాక ముందు నవ్వొచ్చింది. తన నంబరంటే తనది కాదు కదా. ఆ నవ్వు పూర్తవకుండానే మెట్టు మీద కూర్చుండిపోయింది. తనది కాకపోతే ఎవరిది? పోనీ తనది కాదని మాత్రం ఎవరు చెప్పొచ్చారు?

తిరిగి వస్తే డబ్బాల ముందు ఇరవై రెండు తలలు. ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వుతున్నారు. అందులో ఒకరికి ఉంది. ఉన్న మనిషి కూడా నవ్వుతోంది. భూతద్దం ముద్ద కలిపి, తినకుండానే డబ్బా మూత పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె చొక్కాలను చూడలేదు, మనుషుల్ని చూసింది. ఇస్త్రీ పెద్దమ్మ నడుము పట్టుకుని లేస్తోంది. ఆ నడుము నొప్పి ఇప్పటిదా, ఎప్పటిదా? గుండీల పిల్ల బాత్రూముకు రెండుసార్లు వెళ్ళొచ్చింది. జేబులు కుట్టే ఆమె ఈ మధ్య చిక్కింది. చిక్కాలని చిక్కిందా, ఊరికే చిక్కిందా? చొక్కా చేతులు కుట్టే ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక్కొక్కరి మీదా మనసులోనే ఎర్ర బాణం అంటించి, మళ్ళీ పీకేసింది. బల్ల మీద చొక్కాలు గుట్టగా పేరుకుపోయాయి. అంతమందినీ చూసింది గానీ కాలరు మిషను వైపు చూడలేదు. ఇంట్లో మనిషిని ఏం చూస్తాం, రోజూ చూస్తున్నదే కదా.

ఇంటికి నడుస్తూ తోటికోడలు, ఏంటక్కా అలా ఉన్నావని అడిగింది. పళ్ళు నొప్పి అని చెప్పింది భూతద్దం. చెప్పకపోవడానికి కారణాలు లేకపోలేదు. చెబితే గోల అవుతుంది. గోలైతే మేనేజరుకు తెలుస్తుంది. చీటీలు కలిపింది ఎవరని అడిగితే వేళ్ళన్నీ తన వైపే చూపిస్తాయి. అయినా అది కాదు అసలు కారణం. సిగ్గేసింది. అంతమందిలో తన తెలివిని చూసి తనే మురిసిపోయింది మరి.

గురువారం పళ్ళ డాక్టరు పేరు చెప్పి మూడు గంటలకే బయటపడింది. మేనేజరు ఎందుకో కిక్కురుమనకుండా సెలవిచ్చాడు. అది కూడా అనుమానంగానే ఉంది.

ఆస్పత్రిలో నర్సమ్మ ఆమెను బల్ల మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ దీపం దగ్గరికి లాక్కుని, పుల్లటి వాసన వేసే నీళ్ళేవో రాసి, చాలాసేపు చూసింది. మచ్చా లేదు, మరకా లేదు, శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. వైరస్ చాలామందిలో దానంతటదే పోతుంది, ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకుంటే చాలు. నర్సమ్మకు తన సొంత మనిషికి బాగైనంత సంతోషం కలిగింది.

భూతద్దం చెప్పులు వేసుకుంది. సంచి భుజాన తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళింది. దాటితే అయిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఎవరో ఒకరు ఏడాదికో రెండేళ్ళకో మంచం పడతారు, పాపం ఆమె ఖర్మ అని అందరితో పాటు తనూ అనొచ్చు. ఆ పాపం అనే మాట తన నోటితో తను అనడం ఆమె చెవులకు ముందుగానే వినబడింది.

"నర్సమ్మా, ఆ గొట్టం నాది కాదు," అంది.

మొత్తం చెప్పేసరికి నర్సమ్మ ముఖంలో రంగులు మారాయి. అరవలేదు. అరిచినా బాగుండేది. పెట్టె మూత వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించింది.

"మీ షెడ్డు కాక ఇంకా నలభై చోట్ల తీసుకున్నానమ్మా," అంది. "అందరూ మీలాగే నవ్వుతూ తెచ్చిచ్చారు. ఇప్పుడు వాటిల్లో దేన్ని నమ్మను? ఏమీ లేదు, హాయిగా ఉండమని ఎంతమందికి ఫోను చేసి చెప్పానో."

భూతద్దానికి అది తట్టనే లేదు. తన షెడ్డు, తన మేనేజరు, తన ఇరవై మూడు మంది, అంతే ఆమె లోకం. ఎక్కడెక్కడో ఏయే దేశాల్లోనో ఇలాంటి షెడ్లున్నాయని, వాటిల్లోనూ ఒక్కో భూతద్దం ఉండే ఉంటుందని ఇప్పుడు తోచింది. అయినా నోరు ఊరుకోలేదు. మరి సోమవారం మేనేజరుతో కూర్చుని ఏ కాగితం చూపించావని అడిగేసింది.

గది వాడుకోవడానికి సంతకం పెట్టాల్సిన కాగితం అది అని నర్సమ్మ చెప్పింది. అతను పేర్లు అడిగిన మాట నిజమే. ఇవ్వనని చెప్పింది. నమ్మితే నమ్ము, లేకపోతే లేదంది.

సగం నమ్మింది భూతద్దం. మిగతా సగం కోసం ఒక షరతు పెట్టింది. ఈసారి పుస్తకం ఉండకూడదు, పేర్లు ఉండకూడదు. ఎవరి ఫోను నంబరు వాళ్ళే గొట్టం మీద తమ చేత్తో రాసుకుంటారు. ఫలితం ఆ ఫోనుకే చెప్పాలి. పైవాళ్ళకు నేను చెప్పుకుంటానులే అంది నర్సమ్మ.

శుక్రవారం భోజనాల వేళ నర్సమ్మ మళ్ళీ నీలం పెట్టెతో వచ్చింది. మొన్నటి గొట్టాలు దారిలో పాడైపోయాయి, తప్పు మాదే అని ఆమె మేనేజరుతో చెప్పడం భూతద్దం చెవిన పడింది. ఆమె మీద మిగిలిన సగం అనుమానంలో చాలా భాగం అక్కడే పోయింది.

అయితే అనుమానం అనేది షెడ్డులోంచి పోలేదు, మనిషి మారింది అంతే. చేతులు కడుక్కునే చోట భూతద్దం జరిగిందంతా చెప్పింది. ఫోను వచ్చిన సంగతి, ఆస్పత్రి సంగతి, మనలో ఎవరికో ఒకరికి ఉందన్న సంగతి. కుళాయి కారుతుంటే గుండీల పిల్ల దాన్ని గట్టిగా బిగించింది.

"నిన్న పళ్ళ డాక్టరన్నావు," అంది ఇస్త్రీ పెద్దమ్మ. "మాకూ అబద్ధమే చెప్పావు. మేనేజరు నీకు మూడింటికే సెలవిచ్చాడు. ఎందుకిచ్చాడు? ఫోను నీకొక్కదానికే ఎందుకొచ్చింది? మొన్న కలిపేద్దామన్నదానివి ఇవాళ ఎవరిది వాళ్ళే ఇవ్వమంటున్నావు. ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

ఇలా అడగడం నేర్పింది భూతద్దమే. పదకొండేళ్ళు నేర్పింది, బాగా వచ్చింది వాళ్ళకు. ఏం చెప్పినా ఇంకో ప్రశ్న పుడుతుందని తెలిసి, పొట్లం తీసుకుని అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చి, బట్ట మీద గీతలు గీసే నల్ల పెన్నుతో గొట్టం మీద తన ఫోను నంబరు రాసింది. దాని కింద ఎవరూ అడక్కపోయినా తన పేరు కూడా పెద్దక్షరాలతో రాసి, అందరికీ కనబడేలా గట్టు మీద పెట్టింది.

చాలాసేపు ఆ గొట్టం ఒక్కటే ఉంది. తర్వాత గుండీల పిల్ల వెళ్ళింది. అది వెళ్ళిందని జేబులు కుట్టే ఆమె వెళ్ళింది. ఇస్త్రీ పెద్దమ్మ గొణుక్కుంటూనే వెళ్ళింది. గంట కొట్టేలోపు గట్టు మీద ఇరవై రెండు గొట్టాలు నిలబడ్డాయి.

భూతద్దం రెండుసార్లు లెక్కపెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే తోటికోడలు అక్కడ లేదు. కాలరు మిషను మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించుకుంటోంది. పొట్లం విప్పకుండా కాళ్ళ దగ్గర ఉంది.

"ఏమే, నీది?"

"నాకొద్దక్కా. మొన్న ఇచ్చాను కదా, ఎన్నిసార్లు ఇస్తాం," అంది ఆమె తలెత్తకుండా. గంట కొట్టింది, మిషన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఇంకేమీ మాట్లాడడానికి లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాట్లాడదామనుకుంటే, ఆమె పనుందని ముందే వెళ్ళిపోయింది. తర్వాతి రెండు రోజులూ ఒకే వంటగదిలో ఒకరు వస్తే ఒకరు బయటికి వెళ్ళారు. ఇరవై మూడు మందిలో అదే ఎందుకు కావాలి, కాదులే, అని భూతద్దం తనకు తను చెప్పుకుంది.

సోమవారం భోజనాల వేళ ఫోన్లు మోగడం మొదలైంది. మొదట గుండీల పిల్లది. మెట్ల కిందికి పరిగెత్తుకెళ్ళి, అంతకంటే వేగంగా పరిగెత్తుకొచ్చి, తనది బాగుందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత జేబులు కుట్టే ఆమెది బాగుంది. చేతులు కుట్టే ఆమెది బాగుంది. ఇస్త్రీ పెద్దమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుని రెండుసార్లు చెప్పించుకుని, బాగుందటే అని మొదటిసారి భూతద్దం వైపు చూసి నవ్వింది. పది దాటింది. పదిహేను దాటింది. మొదట్లో చప్పట్లు కొట్టిన వాళ్ళు పదిహేడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆపేశారు. అందరూ ఒకే లెక్క వేస్తున్నారు. ఫోను వచ్చి బాగుందన్న మనిషి కూడా సంతోషాన్ని పైకి చూపించడానికి జంకింది. ఆఖరున భూతద్దం ఫోను మోగింది. ఆమెది కూడా బాగుంది. మొత్తం ఇరవై రెండూ బాగున్నాయి, మొదటిసారి యంత్రం పొరబడిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఇవ్వని మనిషి ఎవరో మీరు కనుక్కోవాలి అని నర్సమ్మ చెబుతుండగానే, తెలిసిందని చెప్పి పెట్టేసింది.

గొట్టం ఇవ్వని ఒకే ఒక్క మనిషి పేరు ఇప్పుడు షెడ్డులో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరూ కాలరు మిషను వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి డబ్బాలు కడుక్కున్నారు, కడిగినవే మళ్ళీ కడుక్కున్నారు.

భోజనాల వేళ మిషను తొక్కుతున్నది తోటికోడలు ఒక్కతే. భూతద్దం స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. సూది కింద కాలరు ఉంది, కుట్టు అంచు దాటి ఎటో వెళ్ళిపోతోంది. ఆమె చెయ్యి చాపి మిషను చక్రం పట్టుకుని ఆపింది.

"లెక్క నాకూ వచ్చక్కా," అంది తోటికోడలు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలల నుంచి. ఉండి ఉండి రక్తం కనబడుతోంది."

"నాకు చెప్పాలని అనిపించలేదా?"

"నీకే చెబుదామనుకున్నాను. చెబితే ఏమంటావో తెలుసు కదా. ఆస్పత్రికెళ్తే పేరు రాసుకుంటారు, ఆ కాగితం మేనేజరు దగ్గరికి పోతుంది, నోరు మూసుకో అంటావు. నువ్వనే మాట నేనే అనుకుని ఊరుకున్నాను." తోటికోడలు కాలరును సూది కిందినుంచి లాగి ఒళ్ళో పెట్టుకుంది. "చీటీలు కలుపుదామన్నప్పుడు ప్రాణం లేచొచ్చిందక్కా. ఎవరి పేరునో బయటపడుతుంది, నాకు అక్కర్లేదు అనుకున్నాను. అది పోయి పోయి నీ పేరున పడింది. నువ్వు పళ్ళు నొప్పంటే నమ్మాను కూడా."

భూతద్దానికి ఏడుపొచ్చింది. చొక్కా చంకలో తప్పిన కుట్టు కనబడే కళ్ళకు, నాలుగు నెలలుగా పక్కనే కూరగాయలు తరుగుతున్న మనిషి కనబడలేదు. ఏడిస్తే అందరూ చూస్తారని పళ్ళ బిగువున ఆపుకుంది. రేపే వెళదామంది. తోటికోడలు తల అడ్డంగా ఊపింది. సెలవు అడగాలి. సెలవు అడిగితే ఎందుకని అడుగుతాడు. ఒకే ఇంటి వాళ్ళిద్దరికి ఒకే రోజు సెలవు ఇవ్వడు, ఒక్కతే వెళ్ళడానికి ధైర్యం లేదు. మొన్నటి పరీక్షలు ఏమయ్యాయని మేనేజరు అప్పుడే ఇద్దరు ముగ్గురిని కదిపాడట, ఎవరూ చెప్పలేదట. రేపు ఆస్పత్రి అన్న మాట వినగానే పసిగట్టేస్తాడు. ఆ కాజాల మిషను పక్కన ఇంకో మిషనుకు ముసుగు వేస్తాడు.

భూతద్దం లేచింది. ఎక్కడికని తోటికోడలు అడిగితే చెప్పలేదు.

అద్దాల గదిలో మేనేజరు సెలవుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె కూర్చోలేదు. రేపు తనకు సెలవు కావాలని, తోడుగా తోటికోడలికీ కావాలని చెప్పింది. ఒకే ఇంటి నుంచి ఇద్దరికి కుదరదని తెలియదా అన్నాడతను. తోడు లేకుండా వెళ్ళలేనంది.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి. ఆ పరీక్షలో నాకు వచ్చింది సార్."

మేనేజరు కలం ఆగింది. ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు, ఆమె రోజూ చొక్కాను చూసే చూపుతో. ఎప్పటి నుంచి అని అడిగాడు, చికిత్స చాలా రోజులు పడుతుందా అని అడిగాడు. ఆమెకు తెలిసినంత చెప్పింది, తెలియంది తెలియదంది. అతను పుస్తకంలో రాసుకున్నాడు. రోగి అని ఆమె పేరు, తోడు అని తోటికోడలి పేరు. ఆ అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నా ఆమె మొత్తం చదివింది.

"ఆఖరి బల్ల దగ్గర ఎవరినైనా చూసుకోవాల్సి వస్తుందేమో," అన్నాడు మేనేజరు పుస్తకం మూస్తూ.

"చూసుకోండి సార్," అని బయటికి వచ్చింది. ఆ బల్ల తప్ప ఆమెకు ఇంకో పని రాదు, ఈ వయసులో ఇంకొకరు ఇవ్వరు కూడా. అద్దాల అవతల ఇరవై రెండు మంది నిలబడి ఉన్నారు. ఆమె లోపల ఏం చెప్పి ఉంటుందో ఊహించుకోలేని అమాయకులు వాళ్ళలో ఎవరూ లేరు. ఇస్త్రీ పెద్దమ్మ వచ్చి ఆమె నుదుటి చెమట తన కొంగుతో తుడిచి పోయింది. సాయంత్రం దాకా మేనేజరు నలుగురిని పిలిచి కూపీ లాగాడు. నలుగురూ పాపం భూతద్దానికే అని చెప్పి వచ్చారు.

మంగళవారం ఇద్దరూ పెందలాడే ఆస్పత్రికి వెళ్ళారు. బస్సులో తోటికోడలు ఆమె చెయ్యి వదల్లేదు. ఏమంటారో అని ఒకసారి, నొప్పి పుడుతుందా అని ఒకసారి అడిగింది. నాకైతే పుట్టలేదు అని భూతద్దం చెప్పింది. అంతా బాగానే ఉంటుందని మాత్రం అనలేదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పి చేసిన నిర్వాకం ఒకటి చాలు.

చీటీలు రాసే చోట కొత్త అమ్మాయి కూర్చుంది. పెద్ద పుస్తకం తెరిచి, తలెత్తకుండానే, మీ ఇద్దరిలో చూపించుకునేది ఎవరని అడిగింది.

"నేను," అంది భూతద్దం. నిన్నటి మాటే నోటికి వచ్చేసింది.

తోటికోడలు ఆమెను భుజం పట్టి పక్కకు జరిపింది.

"ఆమె తోడు వచ్చింది. నేను చూపించుకోవాలి," అంది. అమ్మాయి కలం ఎత్తింది. తోటికోడలు ఆ కలం అడిగి తీసుకుని, పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, పేరు తనే రాయడం మొదలుపెట్టింది. నెమ్మదిగా రాసింది. భూతద్దం అలవాటు కొద్దీ ఆమె భుజం మీదుగా వంగి ఒక్కో అక్షరమూ చూసింది. ఎక్కడా తప్పు లేదు.